72 వేల మైటర్ సా ఈఎంఐలో కొనాలా, 29 వేలది చాలా?

ప్రశ్న: తణుకు దగ్గర నాకు చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. నేను, ఇద్దరు పనివాళ్లు. తలుపులు, కిటికీలు, పూజా మందిరాలు చేస్తాం, ఈ మధ్య కిచెన్ కబోర్డుల పని కూడా వస్తోంది. మూల కోతలన్నీ చేతి కట్టర్‌తోనే. ఒక మనిషికి రోజూ గంట దానికే పోతోంది. మైటర్ సా (మూల కోతలు, అడ్డకోతలు కోసే మిషను) కోసం వెళితే 12 అంగుళాల బ్లేడుతో స్లైడింగ్ మోడల్, అంటే బ్లేడు ముందుకూ వెనక్కీ జరిగేది, రూ. 72,000 అన్నారు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 6,000. నగదైతే 66,000. అదే కంపెనీలో 10 అంగుళాల స్లైడింగ్ 46,000, స్లైడింగ్ లేనిది 29,000. జీఎస్టీ బిల్లు తీసుకుంటే 18 శాతం వెనక్కి వస్తుందని కూడా చెప్పారు, నాకు జీఎస్టీ నంబరు లేదు. బ్యాంకులో 90,000 ఉన్నాయి, అందులో రెండు పార్టీలు ఇచ్చిన అడ్వాన్సు 40,000. పాత బాకీలు 25,000 దాకా రావాలి. ఇంటి ఖర్చు నెలకు 22,000, పనివాడి కూలి రోజుకు 900. ముద్రా లోన్ పోయినేడు తీర్చేశాను. కొనేదేదో పెద్దదే కొను, మళ్లీ మళ్లీ కొంటామా అని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మేస్త్రి గారూ, ముందు బ్యాంకులో ఉన్న 90 వేల సంగతి చూద్దాం, ఎందుకంటే అవి 90 వేలు కావు. అడ్వాన్సు ఇచ్చిన పార్టీలకు మీరు రేపు చెక్క కొనాలి, బందులు కొనాలి, కూలీ ఇవ్వాలి, అంటే ఆ 40 వేలు మీ ఖాతాలో ఉన్నా వాళ్ల డబ్బే. మీ సొమ్ము 50 వేలు. అడ్వాన్సుతో మిషను కొని, ఆ పార్టీ చెక్కను తర్వాతి పార్టీ అడ్వాన్సుతో కొని, అలా తిప్పుకుంటూ పోయి చివరికి ఎవరి తలుపు ఎవరి డబ్బుతో చేస్తున్నారో తెలియక షెడ్డు మూసేసినవాళ్లను నేను చూశాను. వీలైతే రేపే ఇంకో ఖాతా తెరిచి అడ్వాన్సులు అందులో వేయండి.

ఇక షాపువాళ్ల నో కాస్ట్ ఈఎంఐ. నగదుకు 66 వేలు, కిస్తీకి 72 వేలు అన్నప్పుడే ఆ 6 వేలు వడ్డీ అని తేలిపోయింది. 66 మీద 6 అంటే 9 శాతమే కదా అనిపిస్తుంది, కానీ మీరు 66 వేలూ ఏడాదంతా వాడుకోవడం లేదు, మొదటి నెల నుంచే తిరిగి కడుతూ వస్తున్నారు, సగటున చూస్తే సగం డబ్బే మీ దగ్గర ఉంటుంది. లెక్క కడితే ఏడాదికి 16 శాతం దాటుతుంది. మన ఊళ్ల భాషలో నూటికి రూపాయి ముప్పై ఆరు పైసలు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకాస్త. అది క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. కార్డుల మీద సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది, పేరు మాత్రం ఇంకా బోర్డుల మీద వెలుగుతూనే ఉంది.

జీఎస్టీ వెనక్కి వస్తుందన్న మాట మీకు వర్తించదు. రెగ్యులర్ పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మీరు వేసే బిల్లుల మీద పన్ను వసూలు చేసి కడుతుంటేనే కొన్నదాని మీద కట్టిన పన్ను సర్దుకోవచ్చు. అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టేసే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకే ఆ వీలు లేదు, అసలు నంబరే లేని మీకు ఎక్కడిది? 72 వేలలో దాదాపు 11 వేలు పన్నే, ఆ 11 వేలు తిరిగి వస్తాయని మనసులో లెక్క వేసుకుని ఉంటే తీసేయండి. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

ఇప్పుడు అసలు విషయం, ఏ సైజు. ధర కంటే ముందు అది మీకు నెలకు ఏం మిగిలిస్తుందో చూడాలి. రోజుకు గంట పట్టే మూల కోతలు మిషను మీద 20 నిమిషాల్లో అయిపోతాయనుకుందాం, రోజుకు 40 నిమిషాలు మిగులు. నెలకు 25 పని దినాలు వేసుకుంటే 16, 17 గంటలు, అంటే రెండు రోజుల కూలి, 1,800 రూపాయలు. ఆ లెక్కన 29 వేల మిషను 16 నెలల్లో తన డబ్బు తాను తెచ్చుకుంటుంది. 72 వేలదానికి 40 నెలలు. బీడింగ్ (అంచుల్లో కొట్టే సన్న పట్టీ) ముక్కను 45 డిగ్రీల మూలలో కోయడానికి పెద్ద మిషనుకు పట్టేదీ అంతే సమయం కాబట్టి మిగిలే గంటలు రెండున్నర రెట్లు ఏమీ పెరగవు. అందులోనూ మిగిలిన ఆ గంటలను నింపే పని చేతిలో ఉన్నప్పుడే ఈ 1,800 నిజం. ఆషాఢంలో ముహూర్తాలు లేక ఆర్డర్లు తగ్గి పనివాళ్లు ఖాళీగా కూర్చున్నప్పుడు మిషను మిగిల్చే డబ్బు సున్నా, ఈఎంఐ మాత్రం 6 వేలకు 6 వేలు.

కూలి ఒక్కటే కాదు, పని నాణ్యత కూడా ఉందంటారు. ఒప్పుకుంటాను. మూల సరిగా కూడక సందులో రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చడం, పాలిష్ వేశాక ఆ మచ్చ బయటపడటం, ఇంటాయన చివరి పేమెంటు పట్టుకుని ఆ మచ్చ చూపించడం, ఇవన్నీ తగ్గుతాయి. మీ 25 వేల బాకీల్లో కొంత ఇలా ఆగిందేమో మీకే తెలియాలి. అయితే ఆ నాణ్యత వచ్చేది మిషను సైజు వల్ల కాదు, చాలావరకు బ్లేడు వల్ల. మిషనుతో వచ్చే బ్లేడుకు ఎక్కువగా 40 పళ్లే ఉంటాయి, అది దూలాలు తెగ్గొట్టడానికి సరిపోతుంది. బీడింగ్ నున్నగా రావాలంటే 80 పళ్ల కార్బైడ్ బ్లేడు విడిగా కొనాలి. 12 అంగుళాల బ్లేడు ఖరీదూ ఎక్కువ, సాన ఖర్చూ ఎక్కువ, పైగా వెడల్పు పెరిగేకొద్దీ బ్లేడు అంచు కాస్త ఊగుతుంది, సన్నని బీడింగ్ మీద అది కనపడుతుంది.

పెద్దది నిజంగా ఎప్పుడు కావాలి అంటే వెడల్పు పలకలు కోయాల్సి వచ్చినప్పుడు. స్లైడింగ్ లేని 10 అంగుళాలది 90 డిగ్రీల దగ్గర సుమారు అయిదున్నర అంగుళాల వెడల్పు కోస్తుంది, 45కి తిప్పితే అది నాలుగు లోపుకు పడిపోతుంది. స్లైడింగ్ అయితే 12 అంగుళాల దాకా వస్తుంది. తలుపు రెక్కల పట్టీలు, కిటికీ చట్రాలు, గుమ్మం చుట్టూ కొట్టే బీడింగ్, ఇవన్నీ చిన్నదానిలో వెళ్లిపోతాయి. గుమ్మానికి వాడే 5×3 దూలం దగ్గరే నాకు సందేహం, ఎందుకంటే ఎత్తు మూడు అంగుళాలు ఉన్నప్పుడు దొరికే వెడల్పు తగ్గుతుంది. అందుకని షాపుకు వెళ్లేటప్పుడు చిత్రిక పట్టిన 5×3 ముక్క ఒకటి సంచిలో వేసుకెళ్లి మిషను మీద పెట్టి బ్లేడు కిందికి దించి చూడండి, ప్లగ్గు పెట్టక్కర్లేదు. కొద్దిలో మిగిలిపోతే ముక్కను తిప్పి రెండో వైపు నుంచి తెంపుకోవచ్చు, గుమ్మానికి కుసి (నాలుకలా చెక్కిన కొస), తొలి (అది దిగే గాడి) వేసి బిగిస్తారు కాబట్టి అక్కడ 45 మూల అవసరం లేదు. మందిరాల అరలు 10 అంగుళాల పలకలంటారా, నెలకు ఎన్ని చేస్తున్నారు? ఒకటో రెండో అయితే వాటికి చేతి కట్టర్ చాలు, దాని కోసం 17 వేలు అదనంగా పెట్టి స్లైడింగ్ కొనడం దండగ. ఇంకో మాట, స్లైడింగ్ మిషన్లలో చాలావాటికి వెనక పట్టాలు సాగడానికి చోటు వదలాలి, గోడకు ఆనించి పెట్టే షెడ్డులో అది రోజూ కాళ్లకు అడ్డం.

కిచెన్ కబోర్డుల విషయం మీ బావమరిది గారికి కూడా చెప్పండి. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటును నిలువునా చీరడం ఏ మైటర్ సా వల్లా కాదు, 72 వేలదైనా సరే. అది అడ్డకోత మిషను. మీ పని నిజంగా కబోర్డుల వైపు మళ్లుతుంటే రేపు కావాల్సింది బల్లలో బ్లేడు బిగించి ఉండే టేబుల్ సా, లేదా పట్టా మీద నడిచే ట్రాక్ సా. ఇప్పుడే 72 వేలు ఇక్కడ పెట్టేస్తే ఆరు నెలలకు దానికి మళ్లీ అప్పు. అప్పటిదాకా షీట్లు కోసిచ్చే ప్లైవుడ్ డిపో దగ్గర్లో ఉంటే డబ్బిచ్చి కోయించుకోండి, ఆ ఖర్చు పార్టీ ఎస్టిమేటులో వేసేయండి.

కాబట్టి నా ఓటు 10 అంగుళాల, స్లైడింగ్ లేని 29 వేలదానికి. 80 పళ్ల బ్లేడుకు మూడు, మూడున్నర వేలు, 16 ఆంపియర్ల సాకెట్టుకు మందం వైరు లాగించడానికి రెండు వేలు, కళ్లద్దాలు, మాస్కు, చెవులకు ప్లగ్గులు, ఇవన్నీ కలిపి 35, 36 వేలు అనుకోండి. పొడవాటి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు మీద మాత్రం నడపకండి, వోల్టేజీ పడిపోయి మోటారు కాలిపోతే మీరు మిగుల్చుకున్నదంతా వైండింగ్‌కే. స్టాండు కొనకండి, మీ చేతిలో పనే కదా.

డబ్బు ఎక్కడిది అంటే, ముందు ఆ 25 వేల బాకీల కోసం తిరగండి. అవి వస్తే మీ సొమ్ము 75, మిషను పోగా 40 వేలు చేతిలో ఉంటాయి, ఒక నెల ఇంటి ఖర్చు, కొన్ని రోజుల కూలి దాటుతాయి. రాకపోతే 50లో 36 తీసేసి 14 వేలతో స్కూలు ఫీజుల నెలలోకి వెళ్లమని నేను చెప్పను, రెండు నెలలు ఆగండి. ఇన్నాళ్లూ చేతి కట్టర్‌తోనే కోస్తున్నారు, శ్రావణం దాకా కోస్తే కొంపలు మునగవు.

ఈలోపు చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారేమో కనుక్కుని, తీసుకుంటుంటే పెట్టండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కుతో వెళ్లి వేలిముద్ర వేయాలి, తర్వాత పంచాయతీ లేదా మున్సిపాలిటీ, జిల్లా, పైస్థాయి కమిటీ అని మూడు దశల్లో పరిశీలన. శిక్షణ రోజుల్లో రోజుకు 500 భృతి ఇస్తారు, పనిముట్లకు 15 వేల ఈ-వోచర్. శిక్షణ పూర్తయ్యాక లక్ష దాకా తాకట్టు లేని రుణం, 18 నెలల్లో తీర్చాలి, మీకు పడే వడ్డీ 5 శాతమే, అంటే నూటికి నెలకు 42 పైసలు. 50 వేలు తీసుకుంటే కిస్తీ 2,900 లోపు, మొత్తం వడ్డీ రెండు వేలు. షాపువాళ్ల 6 వేల పక్కన పెట్టి చూసుకోండి. ముద్రా లోన్ పూర్తిగా తీర్చారు కాబట్టి అది అడ్డం కాదు, క్లియరెన్సు కాగితం మాత్రం బ్యాంకులో అడిగి దగ్గర పెట్టుకోండి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. నెలలు పట్టొచ్చు, అది చేతికొచ్చే డబ్బు అనుకుని ఎక్కడా మాట ఇవ్వకండి. వస్తే, కబోర్డుల ఆర్డర్లు అప్పటికి నిలబడి ఉంటే, దాన్ని టేబుల్ సాకు వాడండి.

మీ ఉత్తరంలో లేనిది ఒకటి అడుగుతాను, ప్రమాద బీమా ఉందా? మీకూ, ఇద్దరు పనివాళ్లకూ? ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, ఒక చెయ్యి లేదా కన్ను పోతే లక్ష. కానీ వడ్రంగికి ఎక్కువగా తగిలేది వేలికి, దానికి అందులో ఏమీ రాదు. దెబ్బ తగిలి పనికి వెళ్లలేని వారాలకు ఇంత అని ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి విడిగా చూడండి, ఫారంలో వృత్తి దగ్గర మిషను మీద పని చేసే వడ్రంగి అనే రాయండి, వ్యాపారం అని రాస్తే క్లెయిము రోజున మాట పడాల్సి వస్తుంది. చిన్న బీడింగ్ ముక్కలను వేళ్లతో పట్టుకుని కోయవద్దని, బ్లేడు ఆగాకే మిషను తల పైకి లేపాలని పనివాళ్లకు మొదటి రోజే చెప్పండి, క్లాంపు మిషనుతోనే వస్తుంది, చాలామంది విప్పి పక్కన పడేస్తారు.