గబ్బిలాల డీఎన్ఏ చదువుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. కాలేజీ వాళ్లతో పాండవుల గుట్టలు చూసొచ్చినప్పటి నుంచి, గుహల్లో ఉండే గబ్బిలాల జన్యువుల మీద పరిశోధన చేస్తానంటోంది. వాళ్ల నాన్నేమో బీఈడీ చేసి టీచర్ అవ్వమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ చదువేమిటో చెప్తాను. చాలా ఇళ్లల్లో దీన్ని గబ్బిలాలు పట్టే పని అనుకుంటారు, మాట అక్కడితోనే ఆగిపోతుంది.

పక్కపక్క గుట్టల్లో రెండు గుహలు, రెండింట్లోనూ ఒకే జాతి గబ్బిలాలు ఉన్నాయనుకోండి. వాటి మధ్య రాకపోకలున్నాయా? కంటితో చూస్తే తెలియదు. రెక్క పొర నుంచి 3 మిల్లీమీటర్ల ముక్క తీసి (ఆ చిల్లు కొన్ని వారాల్లో పూడిపోతుంది) ఆల్కహాల్ ట్యూబులో వేస్తారు. ల్యాబులో దాన్నుంచి డీఎన్ఏ తీస్తారు. మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే చిన్న భాగం) డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది కాబట్టి అమ్మ వైపు వంశం చెప్తుంది. కణం కేంద్రకంలోని డీఎన్ఏ అమ్మానాన్నలిద్దరి వైపూ చెప్తుంది. మనలో ఆడపిల్ల అత్తారింటికి పోతుంది కదా, చాలా గబ్బిలం జాతుల్లో ఇది తలకిందులు. ఆడవి పుట్టిల్లు వదలవు, మగవే ఊళ్లు పట్టుకు తిరుగుతాయి. అందుకే ఆస్ట్రేలియాలోని ఘోస్ట్ బ్యాట్ అనే గబ్బిలంలో అమ్మ వైపు డీఎన్ఏ ఒక గుహకీ ఇంకో గుహకీ బాగా తేడాగా కనిపించింది.

ఎగిరే జీవికి 14 కిలోమీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది. స్పెయిన్‌కీ మొరాకోకీ మధ్య జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట అంతే వెడల్పు. కానీ రెండు ఒడ్డుల మీది మౌస్ ఇయర్డ్ గబ్బిలాలు కలవడమే లేదని 2000లో జన్యువులు చూసి తేల్చారు.

ఇదంతా ఎందుకంటారా? కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు చూసిన మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక గుట్ట పోతే అందులోని గబ్బిలాల చోటు పక్క గుహ నుంచి వచ్చినవి నింపుతాయా, ఆ వంశం అంతటితో సరా అన్నది ఈ చదువే చెప్పగలదు. కోలార్ లీఫ్ నోస్డ్ బ్యాట్ అనే గబ్బిలానికి కర్ణాటకలోని హనుమనహళ్లి గుహ తప్ప ఇంకో ఇల్లు తెలియదు. ఆ పక్కనా రాయి కొట్టారు. ఇలాంటి చోట పనిచేసే పిల్లలు మనకు కావాలి. మీ అమ్మాయి పేరు ఆ జాబితాలో ఉంటే నాకు నిజంగా సంతోషం.

ఇక ఆమెతో మీరు మాట్లాడాల్సింది. ఈ పనిలో గుహలో గడిపేది కొద్ది రోజులే, మిగతాదంతా కంప్యూటర్ ముందు గణాంకాలతో. లెక్కలంటే బెదిరే పిల్లకి ఇది కష్టం. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డీఎన్ఏ భాండాగారంలో గబ్బిలాల డీఎన్ఏ వరుసలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని దింపుకుని, పాప్‌ఆర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక జాతి వంశవృక్షంలాంటి పటం గీయమనండి. మూడు వారాలయ్యాక కూడా విసుగు రాకపోతే ఆ కోరిక గట్టిదే. గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి.

డిగ్రీ తర్వాత కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ ఇంటి దగ్గరే చేయొచ్చు. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ వన్యప్రాణి ఎమ్మెస్సీలు ఇంకా మంచివి, పోటీ కూడా ఎక్కువే. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్ల వన్యప్రాణి ల్యాబు లాకోన్స్ ఉంది. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. అయితే పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ఆమెకు 28 ఏళ్లు దాటొచ్చు, శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఇది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. మీ వారికి మాత్రం ఒక మాట చెప్పండి: అదే నెట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కూడా ఇస్తుంది. ఆయన కోరిన టీచరు పని ఈ దారిలోనూ ఉంది.

అన్నట్టు, ఉత్సాహం కొద్దీ గుహల్లోకి ఒంటరిగా వెళ్లనివ్వకండి. గబ్బిలాన్ని పట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి, ముందే రేబిస్ టీకా వేయించుకోవాలి, పక్కన అనుభవమున్న గైడ్ ఉండాలి. అవి సమకూరేదాకా ఆ జెన్‌బ్యాంక్ వరుసలు చాలు. పటం గీశాక నాకూ ఒకటి పంపమనండి, చూస్తాను.