ఓడిన జట్టుకూ ఒక పాయింటు ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో నాలుగు జట్లతో బాస్కెట్‌బాల్ పోటీలు నిర్వహించాం. అంతర్జాతీయ పద్ధతి ప్రకారం గెలిచిన జట్టుకు రెండు, ఓడిన జట్టుకు ఒకటి చొప్పున పాయింట్లు ఇచ్చాం. చివరికి మూడు జట్లు సమానంగా నిలిచాయి. "మేము ఓడించిన జట్టు మా కంటే పైకి ఎట్లా పోయింది సార్?" అని పిల్లలు అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. అసలు ఓడిన జట్టుకు పాయింటు ఎందుకు ఇస్తారు?
- ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, జమ్మికుంట

జవాబు: పిల్లలు అడిగిన ప్రశ్న న్యాయమైనది. దేశాల జట్లు తలపడే ప్రపంచ కప్పును చూసే పెద్దలు కూడా ఇక్కడే తికమక పడతారు. ముందు ఆ ఒక్క పాయింటు సంగతి చూద్దాం. బాస్కెట్‌బాల్‌లో డ్రా లేదు. 40 నిమిషాల ఆట ముగిసేసరికి స్కోరు సమానమైతే, ఫలితం తేలేదాకా ఐదేసి నిమిషాల అదనపు సమయం ఆడిస్తారు. ఓడినా చివరిదాకా నిలిచి ఆడిన జట్టును, అసలు కోర్టుకే రాని జట్టును ఒకే గాటన కట్టకూడదు కనుక, అంతర్జాతీయ సమాఖ్య ఫిబా ఓటమికి ఒక పాయింటు, రాని జట్టుకు సున్నా పెట్టింది. అలా రాని జట్టు 20-0 తేడాతో ఓడినట్టు నమోదవుతుంది.

ఇక సమానమైన జట్ల లెక్కను మన ఊళ్ల పేర్లతోనే చెప్పుకుందాం. ఒక గ్రూపులో హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, జగిత్యాల జట్లు ఉన్నాయనుకోండి. జగిత్యాల మూడు మ్యాచ్‌లూ ఓడింది. కరీంనగర్‌ను హనుమకొండ 12 పాయింట్ల తేడాతో, మంచిర్యాలను కరీంనగర్ 5 పాయింట్ల తేడాతో, హనుమకొండను మంచిర్యాల 3 పాయింట్ల తేడాతో ఓడించాయి. అప్పుడు ఈ మూడింటికీ రెండేసి గెలుపులు, ఒక్కో ఓటమి, పట్టికలో ఐదేసి పాయింట్లు ఉంటాయి. వాటిని విడదీయడానికి ఆ మూడు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లనే తీసుకుని, స్కోరు తేడాలను కూడాలి. హనుమకొండకు 12 లోంచి 3 పోగా 9 మిగులుతుంది. మంచిర్యాలకు రెండు, కరీంనగర్‌కు ఏడు తరుగు వస్తుంది. ఆ విధంగా హనుమకొండ మొదటి స్థానంలో, మంచిర్యాల రెండో స్థానంలో నిలుస్తాయి. మంచిర్యాలను ఓడించిన కరీంనగర్ మూడో స్థానానికి దిగిపోతుంది. రెండు జట్లు మాత్రమే సమానమైతే వాటి మధ్య జరిగిన మ్యాచ్ ఫలితమే సరిపోతుంది. మూడు జట్లు చిక్కుపడినప్పుడు ఒక్క మ్యాచ్‌ను పట్టుకుని తీర్పు చెప్పడం కుదరదు. జగిత్యాలపై ఎవరు ఎంత తేడాతో గెలిచారన్నది ఈ మెట్టులో లెక్కలోకి రాదు. ఈ మూడింటి తేడాలు, ఆపైన ఈ మూడు మ్యాచ్‌లలో అవి చేసిన స్కోర్లు కూడా సమానమైతేనే గ్రూపులోని అన్ని మ్యాచ్‌లనూ చూస్తారు.

మీ పిల్లలకు ఇంకొక్క మాట తప్పక చెప్పండి. హనుమకొండ చేతిలో ఓటమి ఖాయమైన చివరి రెండు నిమిషాల్లో కరీంనగర్ పిల్లలు పట్టు విడవకుండా ఆడి, 12 తేడాను 6కు తగ్గించారనుకోండి. వారి తరుగు ఏడు నుంచి ఒకటికి తగ్గి, మంచిర్యాలను దాటి రెండో స్థానం వారిదే అయ్యేది. అంతర్జాతీయ పోటీల్లో ఓడిపోతున్న జట్టు చివరి క్షణందాకా బుట్ట కోసం ప్రాణం పెట్టి ఆడేది ఇందుకే. 32 జట్లు ఆడిన 2023 ప్రపంచ కప్పులోనూ రెండో దశకు చేరిన జట్లకు మొదటి దశ ఫలితాలు వెంట వచ్చాయి. తొలి రోజు చేజార్చుకున్న బుట్ట వారం తర్వాత కూడా లెక్కకు వస్తుంది.

ప్రశ్న: 2023 ప్రపంచ కప్పులో అమెరికా జట్టంతా అక్కడి వృత్తి లీగ్ ఎన్‌బీఏ ఆటగాళ్లే అయినా నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. కారణం ఏమిటి?
- ఒక డిగ్రీ విద్యార్థి, కాజీపేట

జవాబు: లెబ్రాన్ జేమ్స్, స్టెఫెన్ కరీ, కెవిన్ డురాంట్ వంటి అగ్ర తారలు ఆ జట్టులో లేరన్నది నిజమే కానీ, కారణం అంతటితో ఆగదు. ఫిబా నియమాల కింద ఆట స్వభావమే వేరు. ఎన్‌బీఏలో ఆట 48 నిమిషాలు, ఆరు ఫౌళ్లు చేస్తే ఆటగాడు బయటికి. ఇక్కడ 40 నిమిషాలు, ఐదు ఫౌళ్లు. మూడు పాయింట్ల గీత ఇక్కడ ఎన్‌బీఏ కన్నా దగ్గరగా, బుట్టకు 6.75 మీటర్ల దూరంలోనే ఉంటుంది. రక్షణ చేసే పొడగరి ఎవరినీ కాయకుండానే బుట్ట కింద మూడు సెకన్లకు మించి నిలబడటం ఎన్‌బీఏలో తప్పు, ఇక్కడ కాదు. ఆ నిలుచున్న మనిషిని దాటుకుని లోపలికి దూసుకెళ్లడం ఎంత గొప్ప ఆటగాడికైనా కష్టమే.

దీనికి తోడు, కలిసి ఆడిన అనుభవం. సెమీఫైనల్‌లో అమెరికాను 113-111తో ఓడించి, మనీలాలో జరిగిన ఫైనల్‌లో సెర్బియాపై 83-77తో గెలిచిన జర్మనీ జట్టులో డెన్నిస్ ష్రోడర్, ఫ్రాంజ్ వాగ్నర్ వంటి ముఖ్యులు అంతకు ముందు ఏడాది యూరప్ పోటీల్లో కాంస్యం గెలిచినవారే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ప్రతి మ్యాచ్‌నూ 32 లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో గెలిచిన అమెరికాను 2004 ఏథెన్స్‌లో అర్జెంటీనా 89-81తో నిలువరించింది. ఆ అర్జెంటీనా జట్టు కూడా ఇలా ఏళ్ల తరబడి కలిసి ఆడి రాటుదేలిందే. పైన చెప్పిన ముగ్గురూ వచ్చిన 2024 పారిస్‌లో అమెరికా స్వర్ణం గెలిచినా, సెమీఫైనల్‌లో సెర్బియాను 95-91తో దాటడానికి చెమటోడ్చింది.

ప్రశ్న: మన పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఎప్పుడైనా ఆడిందా?
- సింగరేణి విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

జవాబు: ఒక్కసారి, 1980లో మాస్కోలో ఆడింది. పలు దేశాలు బహిష్కరించిన ఆ క్రీడల్లో మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేక పన్నెండో స్థానంలో నిలిచింది. ప్రపంచ కప్పుకు ఇంతవరకు అర్హత సాధించలేదు. ఆసియా పోటీల్లో 1975లో దక్కిన నాలుగో స్థానమే మన ఉత్తమ ఫలితం. అయినా 2014లో వూహాన్‌లో, చైనా ప్రేక్షకుల మధ్యనే, మన వాళ్లు చైనాను 65-58తో ఓడించిన రోజును ఈ ఆటను ప్రేమించే వారెవరూ మరచిపోలేరు. ఎత్తు లేకపోవడమే మన లోపమన్న వాదనను నేను ఒప్పుకోను. ఏడడుగులు దాటిన సత్‌నామ్ సింగ్ పంజాబ్‌లోని ఒక పల్లె నుంచి 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఎంపికయ్యాడు. మనకు కరువైనది ఏడాది పొడవునా బలమైన జట్లతో ఆడే మ్యాచ్‌లు.

ప్రశ్న: మా మనవడు అమెరికాలో పుట్టాడు, అక్కడి పాఠశాల జట్టులో బాగా ఆడుతున్నాడు. వాడు భారత్ తరఫున ఆడవచ్చా?
- ఒక అమ్మమ్మ, వరంగల్

జవాబు: అమెరికా పౌరుడిగా ఉన్నంతకాలం ఆడలేడమ్మా. మన చట్టం రెండు పౌరసత్వాలను అనుమతించదు, విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా జాతీయ జట్టులో చోటు ఉండదు. ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడు సిమ్ భుల్లర్ కూడా కెనడా పౌరుడే. ఫిబా నియమం మరొకటి ఉంది: పదహారేళ్లు నిండాక ఒక దేశపు పౌరసత్వం పొందిన ఆటగాళ్లు జట్టులో ఒక్కరికి మించి ఉండకూడదు. తల్లి వైపు నుంచి ఫిలిప్పీన్స్ మూలాలున్న జోర్డన్ క్లార్క్‌సన్‌ను సైతం ఆ దేశపు జట్టులో ఈ నియమం కిందే లెక్కిస్తారు. మీ మనవడు పదహారేళ్లు నిండకముందే భారత పౌరసత్వం తీసుకుంటే ఆ పరిమితి అతనికి అడ్డు రాదు. అయితే అందుకు అమెరికా పౌరసత్వాన్ని వదులుకోవలసి ఉంటుంది కనుక, ఆ నిర్ణయం అతని తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడుకోవలసినది.