ప్రజ్వల్ పేరు మార్చకు

అమ్మాయ్ శైలూ,

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి పెద్దమ్మగా, రెండోసారి ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన టీచరుగా. డిస్లెక్సియా వల్ల, అంటే తెలివి ఉన్నా అక్షరాలు పట్టుబడని ఇబ్బంది వల్ల, చదవడం రాని పిల్లవాడి మీద పిల్లల కథ రాయాలని నీకు తోచినందుకే నాకు కడుపు నిండింది. ఇక నాకు అనిపించినవి చెప్తాను, ఏమీ అనుకోకు.

ముందు పేరు సంగతి. ఐదో తరగతి కుర్రాడికి ప్రజ్వల్ అని పెట్టి, పక్కన పెన్సిల్‌తో "పిల్లలకు కష్టమేమో, మార్చనా?" అని రాశావు. మార్చకు. ప కింద ర ఒత్తు, జ కింద వ ఒత్తు, చివర ల మీద పొల్లు. వాడి కష్టమంతా ఆ పేరులోనే ఉంది. నోటుబుక్కు అట్ట మీద వాళ్లక్క రాసిపెడుతుంది, సరే. పరీక్ష కాగితం మీద ఎవరు రాస్తారు? 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు, పెర్సీ అనే 14 ఏళ్ల కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. తెలివైనవాడు, లెక్కలంటే ఇష్టం, అచ్చులో ఉన్న మాట మాత్రం పట్టుబడదు. తన పేరులోనే అక్షరాలు తారుమారు చేసి రాశాడు, ఒకటికి రెండుసార్లు చెబితేగాని తప్పు కనబడలేదు. చదువంతా నోటితోనే సాగితే బడిలో వీణ్ణి మించినవాడు ఉండడని వాళ్ల మాస్టారు అన్నాడట. ఆ ఒక్క మాట చుట్టూ నీ కథంతా అల్లుకోవచ్చు.

రెండో అధ్యాయంలో వాడు ఇంగ్లిషు బి, డి తిరగేసి రాస్తాడని ఉంది. రాస్తే రాయనీ, కానీ అది ఎక్కడైనా దొరికే సంగతి. వాడి తెలుగు నోట్సు మాకు చూపించు. మన లిపిలో చాలావరకు పలికినట్టే రాస్తాం కాబట్టి వాడు కూడబలుక్కుని, చెమటలు పట్టించుకుని, ఎలాగో మాట చివరికి చేరతాడు. ఈలోపు వాక్యం మొదట్లో ఏముందో మరిచిపోతాడు. రాతలో "అమ్మ" ఒత్తు పోయి "అమ" అవుతుంది. "పాప" దీర్ఘం పోయి "పప" అవుతుంది. ప, వ, ష ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. గుణింతం మాత్రం పాటలా అప్పజెప్తాడు, క కు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి అని తడుముకోకుండా. మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటిరా అంటే, మళ్లీ మొదటినుంచి లోపల్లోపల పాడుకుంటూ అక్కడిదాకా రావాలి. ఇలాంటి పిల్లల పెదవులు కదలడం నేను ఎన్నోసార్లు చూశాను. పాఠం నెమరేసుకుంటున్నారనుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకు కూడా చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వరసగా ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివించేదాన్ని. వాడి వంతు వస్తే గడగడా చదివేవాడు, తప్పు ఉండేది కాదు. ఒకరోజు ఎందుకో వెనక బెంచీ నుంచి మొదలుపెట్టాను. వాడి వంతు వచ్చింది. లేచి నిలబడి, పుస్తకం పట్టుకుని, అక్కడ లేని పేరా అక్షరం పొల్లుపోకుండా చదివాడు. క్లాసంతా గొల్లుమంది. నాతో వేళాకోళమాడుతున్నాడనుకుని గంట కొట్టేదాకా గుమ్మం బయట నిలబెట్టాను. చాలా ఏళ్ల తర్వాత, ఒక శిక్షణలో ఈ పిల్లల గురించి వింటుంటే, వాడు చేసిందేమిటో నాకు అర్థమైంది. తన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకునేవాడు. తన వంతుకు ఏ పేరా వస్తుందో చూసుకునేవాడు. పక్కవాడి చేత మెల్లిగా చదివించుకుని అయిదు నిమిషాల్లో కంఠతా పట్టేవాడు. రోజూ. చదవడం వచ్చిన ఏ పిల్లవాడూ అంత కష్టపడలేదు నా క్లాసులో.

శైలూ, నీ కథలో లేనిది ఇదే. నీ ప్రజ్వల్ చదవలేకపోతాడు, ఏడుస్తాడు. దాచుకోవడం లేదు. ఈ పిల్లల బాల్యంలో సగం దాచుకోవడానికే సరిపోతుంది. సరిగ్గా తన వంతుకు దాహం వేస్తుంది. డిక్టేషన్ రోజున కడుపునొప్పి వస్తుంది. పెన్ను పోతుంది. చేతిరాత కావాలనే కెలికేస్తాడు, తప్పు ఏదో తెలియకుండా. చదివే పిల్లలు ఆ ఎత్తులన్నీ చూసి ముందు నవ్వాలి, తర్వాత వాళ్లకే గొంతు పట్టెయ్యాలి.

వాళ్ల నాన్నను కోపిష్టిగా రాశావు. ఈ చదవలేని ఇబ్బంది కుటుంబాల్లో వచ్చేదని నీకు తెలుసుగా? వాళ్ల నాన్నకూ ఉందనుకో. ప్రోగ్రెస్ కార్డు చూడకుండానే సంతకం పెట్టే మనిషి, పెళ్లి శుభలేఖ చేతికిస్తే "కళ్లజోడు తేలేదు, నువ్వు చదువు" అనే మనిషి. కళ్లకేమీ లోపం లేదు. కొడుకు కళ్లకూ లేదు, మాటను శబ్దాలుగా విడగొట్టి అక్షరాలతో కలిపే చోట ఉంది ఇబ్బంది. ఆయన కోపం ఎక్కణ్ణుంచి వస్తోందో మాటల్లో చెప్పకు, ఆ కళ్లజోడు సాకు రెండుసార్లు వినిపిస్తే చాలు, పిల్లలు పట్టుకుంటారు.

కథ 1998లో అన్నావు. అలాగైతే స్కూలు వాళ్లు పరీక్షలో అదనపు సమయం ఇచ్చినట్టు రాయకు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ ఇబ్బంది ఊసే లేదు. 2016 చట్టం వచ్చాకే 21 రకాల వైకల్యాల జాబితాలోకి ఇది చేరింది. అప్పట్లో మా స్టాఫ్‌రూముల్లో దీనికి ఉన్న పేర్లు రెండే, మొద్దు, బద్ధకం. కొందరు బుద్ధిమాంద్యం అనేసేవాళ్లు. అది వేరే సంగతి, ఇది వేరు. కథలో ఏ డాక్టరూ వచ్చి ఉపన్యాసం ఇవ్వకుండానే ఆ తేడా తెలియాలి.

ఇక ఆఖరి అధ్యాయం. బొమ్మల పోటీలో మొదటి బహుమతి, ఆ మర్నాడే గడగడా చదవడం. తీసెయ్యి తల్లీ. బొమ్మలు రాని, పాటలు రాని, ఏ ప్రైజూ రాని ప్రజ్వల్ ఎక్కడో నీ కథ చదివించుకుని వింటుంటాడు. ఏదో ఒకదాంట్లో గొప్పవాడైతే తప్ప తనను మన్నించరని వాడికి అనిపించకూడదు. చదవడం వాడికి ఎప్పటికీ మెల్లగానే వస్తుంది. కాకపోతే ఒకరోజు వంతు వచ్చినప్పుడు నీళ్లకు వెళ్లకుండా, "నాకు మెల్లగా వస్తుంది టీచర్" అని లేచి నిలబడతాడు. అంతకన్నా పెద్ద మలుపు నీ కథకు అక్కర్లేదు.

అచ్చు వేయించేటప్పుడు అక్షరం పెద్దది, వరుసల మధ్య జాగా ఉండేట్టు చూడు. "నిస్సహాయత", "ఆత్మస్థైర్యం" లాంటి మాటలు ఏడెనిమిది కనిపించాయి, వాటి చోట ఇంట్లో మాటలు పెట్టు. వాక్యం ఒక్క ఊపిరిలో చదవగలిగేలా ఉండాలి, ఎందుకంటే ఈ పుస్తకం చాలామంది పిల్లలకు చెవిలోంచే వెళ్తుంది.

దిద్దాక నాకు కాగితాలు పంపకు. ఆదివారం భోజనాలయ్యాక ఫోన్ చెయ్యి. మూడో అధ్యాయం నువ్వే చదువు, నేను వింటాను.

మీ పెద్దమ్మ