రైతు భరోసా ఎవరికెంత పడిందో ఊరికి తెలియాల్సిందే

రైతు భరోసా కింద, అంటే తెలంగాణ ప్రభుత్వం ఎకరం లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం కింద, ఎవరి ఖాతాలో ఎంత పడిందో పంచాయతీ గోడకు అంటిస్తే రైతు పరువు ఏం కావాలి, అది వాళ్ల సొంత విషయం కదా అని కొందరు అడిగారు. నేనైతే అంటించాలనే అంటాను. మాది నల్లగొండ జిల్లా, కౌలు కుటుంబం, పత్తి, వరి వేస్తాం.

2018 మేలో దీనికి ముందున్న పథకం రైతు బంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు అయింది. పట్టా ఎవరి పేరు మీదుంటే పైసలు వాళ్లకే, ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. దున్నేది మేము, విత్తనాలకు, మందులకు అప్పు చేసేది మేము, సాయం మాత్రం హైదరాబాద్‌లో ఉండే పట్టాదారుకు. మాకు భూమి ఇచ్చినాయన మంచి మనిషి, ఒక ఏడాది కౌలు కొంత తగ్గించాడు కూడా, కానీ అది ఆయన దయ మీద ఆధారపడాల్సిన విషయం కాకూడదు కదా. ఆ రోజుల్లో ఎవరి మెసేజ్ వాళ్ల ఫోన్‌కే వచ్చేది. ఫలానా వెంచర్ భూమికి కూడా పడుతోందట అని చాయ్ హోటల్ దగ్గర మాట్లాడుకోవడమే తప్ప ఎవరి చేతిలోనూ కాగితం లేదు.

2025 జనవరిలో రైతు బంధు స్థానంలో రైతు భరోసా మొదలయ్యే ముందు, 21 నుంచి 24 వరకు ఊరూరా గ్రామసభలు పెట్టి సాగులో లేని భూముల లిస్టు చదివారు. మా ఊళ్లో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు చదువుకుంటూ పోతుంటే మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రోడ్డు పక్కన హద్దు రాళ్లు పాతిన ప్లాట్ల నంబరు రాగానే వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "సార్, ఆ నంబరులో ప్లాట్లు సగమే, మిగతా ఎకరం పది గుంటలు నాది, పత్తి కట్టె ఇంకా పీకనే లేదు, వచ్చి చూడండి" అన్నాడు. పక్క పొలం వాళ్లు అవునన్నారు. ఏఈఓ రాసుకుని, మర్నాడు పొలానికి పోయి ఫోటో తీసుకున్నాడు, ఆయన భూమిని ఆ లిస్టులోంచి తీసేశారు. అదే లిస్టు ఆఫీసులోనే ఉండిపోతే డబ్బు పడలేదని తెలిసేసరికి సీజన్ అయిపోయేది, ఆయన తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉండేవాడు.

పరువు సంగతికొస్తే, ఉపాధి హామీ పనికి పోయిన అమ్మ ఎన్ని రోజులు మట్టి తవ్వింది, ఎంత కూలి పడిందన్నది ఏళ్లుగా ఆన్‌లైన్‌లో ఉంది, సోషల్ ఆడిట్‌లో ఊరందరి ముందు చదువుతారు. చెమటోడ్చి తెచ్చుకున్న కూలికి లేని గోప్యత, పాతిక ఎకరాల పట్టాకు ఊరికే వచ్చే సాయానికి ఎందుకు? కేంద్రం రైతులకు ఏడాదికి 6 వేలు ఇచ్చే పీఎం కిసాన్ సైట్‌లో ఊరి పేరు ఎంచుకుంటే లబ్ధిదారుల పేర్లు ఎవరికైనా కనిపిస్తాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకు ఆ 6 వేలు రాకూడదని రూల్ ఉంది, అలాంటి వాళ్లెవరన్నది ఊళ్లోవాళ్లకే ముందు తెలుస్తుంది. ఆధార్, ఖాతా నంబరు, ఫోన్ నంబరు మాత్రం ఎక్కడా పెట్టకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. పేరు, ఎకరాలు, పడిన మొత్తం, ఈ మూడు చాలు.

మీ ఊళ్లో ఈ లబ్ధిదారుల లిస్టు పెట్టకపోతే మండల వ్యవసాయ అధికారికి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. ఏ సీజన్, ఏ గ్రామం అన్నది స్పష్టంగా రాసి ఆ మూడు వివరాలే అడగండి. "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపొచ్చు, నాకూ ఒకసారి అలాగే జవాబు వచ్చింది. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(బి) కింద 12వ అంశం చూడండి, సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు ప్రకటించాలని అందులోనే ఉంది. ఆ అంశాన్ని ప్రస్తావిస్తూ, జవాబు అందిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు పెట్టండి. ఒక్కరే కాకుండా నలుగురు కలిసి సంతకాలు చేసి సర్పంచ్‌కు కూడా ఒక కాపీ ఇస్తే, వచ్చే గ్రామసభలో చదివించమని అడగడం తేలికవుతుంది.