ట్రస్ట్ ఇచ్చినా ఐపీలు రావట్లేదా? ఆప్షన్ 82 చూడండి

స్విచ్‌లో అప్‌లింక్‌కి (రౌటర్ వైపు వెళ్లే పోర్టుకి) ట్రస్ట్ ఇచ్చినా, డీహెచ్‌సీపీ స్నూపింగ్ (వేరే రౌటర్లు దొంగగా ఐపీలు పంచకుండా స్విచ్ కాసే కాపలా) ఆన్ చేసిన దగ్గర్నుంచి ఎవరికీ ఐపీ రావట్లేదని మీరు అడిగారు. ఐపీలిచ్చేది సిస్కో రౌటరే అంటున్నారు కాబట్టి నా అనుమానం ఆప్షన్ 82 (రిక్వెస్ట్ ఏ స్విచ్‌లో ఏ పోర్టు నుంచి వచ్చిందో చెప్పే ట్యాగ్) మీదే. ఈ దెబ్బ నేనూ తిన్నాను.

అప్పట్లో ఒక కాలేజీ హాస్టల్ నెట్‌వర్క్ చూసేవాణ్ణి. సాయంత్రమైతే చాలు, "సార్, వైఫై ఉంది, నెట్ రావట్లేదు" అని ఫోన్లు. వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్‌లో మా 10 సిరీస్ బదులు 192.168.0.104 ఉంది. ఎవరో కుర్రాడు ఇంటి నుంచి రౌటర్ తెచ్చుకుని, గోడ కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టులో గుచ్చాడు. పిలవని పేరంటానికొచ్చి తాంబూలాలు పంచినట్టు అది అందరికీ ఐపీలు పంచేస్తోంది.

ఆ రాత్రే స్నూపింగ్ పెట్టాను. బ్లాకంతా చచ్చిపోయింది! స్నూపింగ్ ఆన్‌లో ఉంటే స్విచ్ తనంతట తానే డిస్కవర్ ప్యాకెట్‌లో (ఐపీ కావాలని అడిగే ప్యాకెట్‌లో) ఆప్షన్ 82 తగిలిస్తుంది. మధ్యలో రిలే (రిక్వెస్ట్‌ని వేరే నెట్‌వర్క్‌లోని సర్వర్‌కి చేర్చే పరికరం) లేదు కాబట్టి ఆ ప్యాకెట్‌లో గేట్‌వే అడ్రస్ 0.0.0.0 గానే ఉంటుంది. అలాంటి ప్యాకెట్‌ని సిస్కో రౌటర్ నమ్మదు, చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. స్విచ్‌లో 'నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్' కొట్టగానే మా నెట్‌వర్క్ లేచింది. స్విచ్‌ని కదపకూడదంటే రౌటర్లో 'ఐపీ డీహెచ్‌సీపీ రిలే ఇన్ఫర్మేషన్ ట్రస్ట్-ఆల్' ఇవ్వొచ్చు.

అన్నట్టు, గ్లోబల్‌గా ఆన్ చేసి వీల్యాన్ (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగం) నంబర్ ఇవ్వడం మర్చిపోతే స్నూపింగ్ ఉన్నా లేనట్టే. 'షో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్'లో మీ వీల్యాన్ ఆపరేషనల్ వరుసలో ఉందో లేదో చూడండి.

ఇక రోజూ చూడాల్సింది లాగ్. అన్‌ట్రస్టెడ్ పోర్టులో ఆఫర్ ప్యాకెట్ (ఐపీ ఇస్తానని చెప్పేది) పడిందంటే డ్రాప్ మెసేజ్‌లోనే మ్యాక్ (పంపిన పరికరం హార్డ్‌వేర్ అడ్రస్) వస్తుంది. దాన్ని 'షో మ్యాక్ అడ్రస్-టేబుల్'లో వెతికితే పోర్టు, పోర్టు లేబుల్ చూస్తే రూమ్ నంబర్. మా కుర్రాడు అలాగే దొరికాడు. పాపం, సిగ్నల్ కోసమే పెట్టుకున్నాడట.

రేట్ లిమిట్ (ఒక పోర్టు నుంచి సెకనుకి రానిచ్చే డీహెచ్‌సీపీ ప్యాకెట్లు) అన్ని పోర్టులకూ 15 పెట్టడం నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. కరెంటు పోయి రాగానే ఫోన్లన్నీ ఒక్కసారే ఐపీ అడిగేసరికి యాక్సెస్ పాయింట్ల పోర్టులు ఎర్ర్-డిజేబుల్‌లోకి పోయాయి, అంటే స్విచ్ వాటిని మూసేసింది. వాటికి 100 చేసి, 'ఎర్ర్‌డిజేబుల్ రికవరీ కాజ్ డీహెచ్‌సీపీ-రేట్-లిమిట్' కూడా పెట్టాను. డిఫాల్ట్‌గా 300 సెకన్లకి పోర్టు దానంతటదే లేస్తుంది.

ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ (ఐపీ, మ్యాక్ జత సరిపోని ఏఆర్‌పీ ప్యాకెట్లని ఆపేది) జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. స్టాటిక్ ఐపీ ఉన్న ప్రింటర్లకి బైండింగ్ టేబుల్లో (స్నూపింగ్ రాసుకునే ఐపీ, మ్యాక్ పట్టికలో) ఎంట్రీ ఉండదు, అందుకని అవి ఆగిపోతాయి, ముందు వాటి లిస్టు రాసుకోండి.