జడ్జిగారి చేతి సుత్తి

సందేహం: ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. జడ్జి బల్ల మీద కొట్టే ‘గ్యావెల్’ను ‘న్యాయసుత్తి’ అనవచ్చా? నిఘంటువులో ఇదే మాటకు ‘కప్పం’ అనీ ఉంది. పన్నుకూ సుత్తికీ ఏమిటి సంబంధం?

సమాధానం: ఏ సంబంధమూ లేదు. తాగే పాలకూ, ఆస్తిలో పాలుకూ ఉన్న చుట్టరికమే వాటికీను. కప్పం అనే గ్యావెల్ పాత ఇంగ్లీషు ‘గఫొల్’ నుంచి వచ్చింది. తండ్రి భూమిని కొడుకులంతా సమంగా పంచుకునే ‘గ్యావెల్‌కైండ్’ అనే పద్ధతి ఇంగ్లండులోని కెంట్‌లో ఉండేది. 1925 చట్టంతో అదీ పోయింది.

సుత్తి అనే గ్యావెల్ అమెరికా మాట. 19వ శతాబ్దం మొదట్లో వాడుకకెక్కింది. ముందు అది రాతిపనివాళ్ల పనిముట్టు. ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంవాళ్లు దాన్ని తమ సభల్లోకి తెచ్చుకున్నారు. ఇంటి వాలుకప్పు కింది ముక్కోణపు గోడను ‘గేబుల్’ అంటారు కదా, సుత్తి తల ఆ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరని వాళ్లు చెప్పేమాట. నాకిది తర్వాత అతికించిన కథలాగే అనిపిస్తుంది. నిఘంటుకారులు మాత్రం ‘మూలం తెలియదు’ అని ఊరుకున్నారు.

అన్ని గ్యావెళ్లకూ పిడి ఉండదు. అమెరికా సెనేట్‌లో చాలాకాలం వాడింది గుప్పిట్లో ఇమిడే దంతపు ముక్క. 1954లో అణుశక్తి మీద వాదోపవాదాలు ముదిరినప్పుడు, సభను నడుపుతున్న అప్పటి ఉపాధ్యక్షుడు నిక్సన్ కొట్టిన దెబ్బకు పాతది బద్దలైంది. అంత దంతం అక్కడి బజారులో దొరక్క మన రాయబార కార్యాలయాన్ని అడిగారు. ఆ ఏడాది నవంబరు 17న సర్వేపల్లి రాధాకృష్ణన్ స్వయంగా వెళ్లి కొత్తది ఇచ్చివచ్చారు.

ఇక మీ అనువాదం. ‘న్యాయసుత్తి’ వద్దు. ‘సుత్తి కొట్టకు’ అని రోజూ అనుకునే మనకు ఆ మాట వినగానే నవ్వొస్తుంది, కథలో టెన్షనంతా పోతుంది. అమెరికా కోర్టయితే మొదటిసారి ‘చేతిలోని కొయ్యసుత్తితో బల్ల మీద కొట్టి’ అని రాసి, తర్వాత ‘గ్యావెల్’ అనండి చాలు. కథ ఇంగ్లండులోదో మన దేశంలోదో అయితే అసలు మూలాన్నే అనుమానించండి. ఈ రెండు చోట్లా జడ్జీలు సుత్తి వాడరు. ‘ఆర్డర్, ఆర్డర్’ అంటూ టకటకా కొట్టడం మన సినిమా కోర్టుల్లోనే. వేలం సన్నివేశమైతే మరీ తేలిక, మన పాటలో ‘మూడోసారి’ అన్న కేకే సుత్తిదెబ్బ.