ఎంత పని చేసినా ముందుకు కదలడం లేదు

ప్రశ్న: నా వయసు 33. ఒక సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపిస్తున్నాను. నా ఆధ్వర్యంలో పూర్తయిన ప్రాజెక్టును క్లయింట్ తిరస్కరించారు. దాన్ని సరిచేసే పని మళ్లీ నాకే అప్పగించారు. రోజూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నా పని తెమలడం లేదు. ఇంట్లో ఎవరు పలకరించినా విసుక్కుంటున్నాను. కాస్త నెమ్మదించమని నా భార్య అంటుంది. ఇప్పుడు నెమ్మదిస్తే ఉన్న పరువు కూడా పోతుందని నా భయం.

జవాబు: ఎన్ని గంటలు పనిచేస్తున్నారో రాశారు. ఆ ప్రాజెక్టు ఎందుకు దెబ్బతిన్నదో మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు. చిక్కు అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వవేత్త 1942లో ప్రచురించిన ప్రయోగాలు మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్నాయి. మూడు పాత్రలతో ఫలానా కొలత నీళ్లు తీయాలన్నది లెక్క. మొదటి లెక్కలన్నీ ఒకే చుట్టుదారి పద్ధతికి లొంగుతాయి. తర్వాత వచ్చేవాటికి రెండు పాత్రలు చాలు. అయినా చాలామంది అలవాటైన చుట్టుదారినే పట్టుకుని వేలాడారు. తొందరపెడితే ఆ పట్టు ఇంకా బిగిసింది. మీరు అర్ధరాత్రి దాకా చేస్తున్నదీ బహుశా అదే: తిరస్కరణకు గురైన పద్ధతినే మరింత వేగంగా, మరింత అలసటతో మళ్లీ చేస్తున్నారు.

కాబట్టి మీ భార్య మాట వినండి. నెమ్మదించడమంటే సెలవు పెట్టి పడుకోమని కాదు (అదీ అవసరమే కావచ్చు). ఒక పూట ఆ పని ముట్టుకోకుండా, జరిగినదాన్ని కాగితం మీద పెట్టండి. ఏ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు, ఆనాటికి మీకేం తెలుసు, తేడా వస్తోందని మొదట ఎవరికి అనిపించింది, ఆ మాట పైకి ఎందుకు రాలేదు? ‘నేను అసమర్థుణ్ని’ అని మాత్రం రాయకండి. అది తీర్పే తప్ప కారణం కాదు, దాంతో మీరు సరిచేయగలిగేది ఏమీ ఉండదు. ‘అవసరాలు మారాయని తెలిశాక కూడా పాత డిజైన్‌తోనే సాగాం’ అని రాస్తే రేపు ఏం మార్చాలో తెలుస్తుంది. ఫలితం తెలిశాక అన్నీ ముందే తెలిసి ఉండాల్సిందనిపిస్తుంది. ఆనాడు మీకు తెలియనిదానికి ఇవాళ శిక్ష వేసుకోకండి.

ఆ కాగితం మీ బృందంలో నిర్మొహమాటంగా మాట్లాడే మనిషికి చూపించండి. ఆ తర్వాత పై అధికారి దగ్గరకు వెళ్లి ఏది మారుస్తున్నారో, ఎంత గడువు కావాలో చెప్పండి. పరువు సంగతంటారా, నమ్మకం పూర్తిగా పోయి ఉంటే ఆ పని ఈపాటికి మరొకరి బల్ల మీద ఉండేది.

ఇక ఇల్లు. మీ విసుగుకు కారణం తను కాదని మీ భార్యతో మాటల్లోనే చెప్పండి, దానంతట అదే అర్థమవుతుందని వదిలేయకండి. రాత్రి ఏ వేళకు కంప్యూటర్ మూయాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.

ఇంత చేసినా ఒంట్లో శక్తి లేనట్టు, పని పేరెత్తితేనే విరక్తి పుట్టినట్టు, ఏం చేసినా ఫలితం లేదన్నట్టు వారాల తరబడి ఉంటే అది వృత్తిపరమైన బర్న్‌అవుట్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఈ మూడు లక్షణాలతోనే వివరిస్తుంది. అప్పుడు గానీ, నిద్ర బాగా చెడినా, బతకాలనిపించకపోయినా గానీ, ప్రాజెక్టు తెమిలేదాకా ఆగకుండా మానసిక వైద్యుణ్ని కలవండి.